పన్నెండు ఆకు మడతలు

1968 నవంబరులో ఒక ఆదివారం. ఆమదాలవలసలో హైస్కూలు సైన్సు మాస్టారైన గణపతిరావు ఆ ఉదయానికి ఒక పథకం వేసుకొన్నాడు. ఏడు గంటలకు స్టేషనుకు వెళ్ళడం, వాల్తేరు నుంచి ప్యాసింజరులో దిగే జగన్నాధాన్ని జట్కాలో ఇంటికి తీసుకురావడం, ఇడ్డెన్లు పెట్టించడం, ఆపైన పన్నెండు ఆకు మడతలను అతని ముందుంచడం.

జగన్నాధం విజయనగరం కాలేజీలో అతని సహాధ్యాయి. ఇప్పుడు కీటకశాస్త్రంలో పేరున్న పరిశోధకుడు. ఇక ఆ మడతలను చేసినది, గోరులో సగమైనా లేని ఒక ముక్కుపురుగు. తల్లి పురుగు లేతాకును అడ్డంగా కత్తిరించి, కొసనుంచి పైకి బిగువుగా చుట్టి, లోపల ఒక గుడ్డు పెడుతుంది. పిల్లకు ఇల్లూ అదే, అన్నమూ అదే. బడిలోని ఒకే మామిడిచెట్టు మడతల నుంచి ఎర్రమెడ పురుగులూ, నల్లమెడ పురుగులూ కూడా పుడుతున్నవనీ, ఇటువంటి జాతిని ఏ గ్రంథమూ వర్ణించలేదనీ గణపతిరావు నాలుగు ఠావుల ఉత్తరం రాశాడు. "మడతలు విప్పకుండా ఉంచు. నిజమే అయితే పేరు నువ్వే పెడుదువు గాని" అని జవాబు వచ్చింది.

పేరు సిద్ధంగానే ఉన్నది. ఆ ఇద్దరికీ జంతుశాస్త్రం చెప్పిన నరసింగరావు మాస్టారు ముప్పయ్యేళ్ళు పురుగులను పోగుచేసి, ఒక్కదానికైనా తన పేరు చూసుకోకుండానే కన్నుమూశారు. వాన వెలిసిన సాయంత్రాలలో కంటోన్మెంటు రోడ్డు వెంట చెట్టుచెట్టుకూ ఆగి, భూతద్దం చేతికిచ్చే ముందు "మొదట వాసన చూడరా" అనేవారు. ఆ భూతద్దం ఇప్పుడు గణపతిరావు బల్లమీద ఉన్నది.

దగ్గుకు వైద్యం కోసం పాతపట్నం నుంచి వచ్చిన అత్తగారు గురమ్మ కూడా ఆ ఇంటనే ఉన్నది. ఆ ప్రాంతపు పెద్ద ఆడవాళ్ళలో చాలామంది వలెనే ఆమెది అడ్డచుట్ట; అనగా నిప్పున్న కొస నోటిలోపల ఉంటుంది. డాక్టరు రోజుకు ఆరు చుట్టలను ఒకటికి దించాడు. మడతలున్న రేకు డబ్బాకు గాలి తగలాలని ఆమె మంచం పక్క కిటికీలో పెట్టి, గణపతిరావు బయలుదేరుతూ అన్నాడు: "అత్తయ్యగారూ, ఈ డబ్బా మీ చేతుల్లో పెడుతున్నాను. జాగ్రత్త."

మూత తీసిన గురమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి. వేలి కణుపంత పొడవున, ఎండి, బిగువుగా, పన్నెండు!

"ఓలమ్మా, డాక్టరు తగ్గించమన్నాడని అల్లుడు బాబు మందు సుట్టలు సుట్టించినాడు! ఇంత సన్నపనితనం ఏ సుట్టలోడికి వస్తాది?"

ఒంటరిగా అనుభవించడం ధర్మం కాదనుకొని గోడవతలి మరిడమ్మను, తవిటమ్మను పిలిచింది.

"ఏటొదినా, నిప్పు నోట్లో ఎట్టీలోగా ఐపోతన్నాది!" అన్నది మరిడమ్మ.

"మందు గదే. ఎంతుంటాది?"

"లోపల సిటపటమన్నాది."

"అదే మందు."

తవిటమ్మ దగ్గు కాసేపు ఆగింది. ఆమె ఆ సంగతి నూతి దగ్గర చెప్పింది. అరగంటలో వీధిలో దగ్గేవాళ్ళందరూ, దగ్గనివాళ్ళలో కొందరూ వచ్చి వాకిట కూర్చున్నారు.

జట్కా మలుపు తిరిగేసరికి గణపతిరావుకు కనిపించినవి రెండు: వాకిటినిండా ఆడవాళ్ళు, కిటికీలోంచి పొగ. "ఒరే జగన్నాధం, మా అత్తగారు..." అన్నాడు. జగన్నాధం చావు ఇంటికి వచ్చినవాడి వలె బూట్లు విప్పి చేతబట్టుకొని, తల వంచుకొని దిగాడు.

"ఓ బాబూ, ఎనకాల కూకో! నీకూ దగ్గేనేటి?" అని గుంపులో ఒకామె అడ్డుకొన్నది.

లోపల గురమ్మ మంచం మీద మహారాణి వలె కూర్చున్నది. "రండి బాబూ. రెండే మిగిలినాయి. మీకోసమే దాసినాను."

నరసింగరావు మాస్టారి పేరు పది చిటికెల బూడిదై నేలమీద ఉన్నది.

"అత్తయ్యగారూ, అవి పురుగుల ఇళ్ళండీ!" అన్నాడు గణపతిరావు, అతికష్టం మీద మర్యాద తప్పకుండా.

"పురుగులేటో నాకు తెల్దు. పొగాకు కాదని మొదటి దమ్ముకే తెలిసినాది. ఒక్కోటీ వాసన సూసి మరీ పంచినాను. ఆరు మామిడాకు, ఆరు బాదమాకు. మామిడిది గొంతులో గుచ్చుతాది, బాదంది తియ్యగుంటాది. ఈ రెండూ బాదమే."

"అన్నీ మామిడివే! నేను స్వయంగా కోశాను."

వంటింటి గుమ్మంలో భార్య నీలవేణి గొంతు సవరించుకొన్నది. "మీరు తెచ్చినాటిలో సగం సెత్తనుకుని ఊడిసేసినానండి. ఆనక భయమేసినాది. పెరట్లో బాదం సెట్టుకీ అలాటివే ఏలాడతంటే, కోసి సరిపెట్టినాను."

"ఎప్పుడు?"

"ఊడిసినప్పుడల్లానండి. పోయిన నెల్లోనూ అంతే."

జగన్నాధం మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. బూట్లు ఇంకా చేతిలోనే ఉన్నవి. "మామిడిమీది ఎర్రమెడ పురుగు ఏనాడో గ్రంథాలకెక్కినది రా, గణపతీ. ఈ రెంటినీ ఒకే జాతి అని మాస్టారి పేరుతో అచ్చువేసి ఉంటే, పురుగులు తెలిసిన ప్రతివాడూ ఆయన పేరు చెప్పి నవ్వేవాడు. బాదంమీది నల్లమెడ దాన్ని మాత్రం నేనెన్నడూ చూడలేదు."

కొంతసేపటికి, నలభై దాటిన ఇద్దరు పెద్దమనుషులు పంచె ఒకరూ, ప్యాంటు ఒకరూ పైకి మడుచుకొని పెరటి బాదంచెట్టు కింద నిలబడ్డారు. బల్లమీదినుంచి తెచ్చిన భూతద్దం ఇంకా గణపతిరావు జేబులోనే ఉన్నది. కోసిన మొదటి మడతను ఇద్దరూ వాసన చూశారు.

మరుసటి సంవత్సరం నల్లమెడ ముక్కుపురుగు నరసింగరావు మాస్టారి పేరు మీద ఒక శాస్త్రపత్రికలో అచ్చయింది. కొలతలు, బొమ్మలు, చెట్టు వివరాలు అన్నీ సక్రమంగా ఉన్నవి. రెండు జాతులనూ మొదట వేరుచేసిన పద్ధతి దగ్గర మాత్రం "స్థానికంగా జరిపిన దహన పరీక్ష" అని ఉన్నది.