నీలం మొహానికి తెల్ల చామంతులు

తనకు అన్యాయం చేసినవాళ్ళ పేర్లు చెప్పమంటే నతానియేలు మొట్టమొదట ప్రేమ్ కుమార్ పేరు చెబుతాడు. మిగతావాళ్ళ దాకా వెళ్ళేసరికి అతనికి ఊపిరి చాలదు. ప్రేమ్ కుమార్ అతని బావమరిది, భార్య రూతుకి ఒక్కగానొక్క తమ్ముడు. మస్కట్‌లో ఒక హోటలు స్విమ్మింగ్ పూల్ శుభ్రం చేసే పనిలో ఏళ్ళ తరబడి ఉండి, ఆ నీళ్ళను చూసి చూసి చిత్రకారుడైపోయి, "నాలుగు రోజులుంటాను బావా" అంటూ రాజోలు వచ్చి, నతానియేలు ఫొటో ఫ్రేముల కొట్టు వెనక గదిలో దిగాడు. దిగి ఏడాదిన్నర అయింది. ఆ గదిలో ఉండవలసిన ఫ్రేము బద్దలు కోసే మిషను బయట టార్పాలిన్ కింద వానకు తడిసి, తుప్పుపట్టి, ఇప్పుడు చెక్కను కోసే ముందు ముసలాడిలా దగ్గుతోంది. కొట్టు మీద బతికేవాడికి ఆ దగ్గు వింటే ఎలా ఉంటుందో ప్రేమ్ కుమార్‌కి తెలియదు. తెలిసినా దాన్ని కూడా బొమ్మ వేసేవాడు.

అతను వేసేవి రెండే రకాలు. ఒకటి స్విమ్మింగ్ పూల్, రెండోది తన మొహం. "ఎవరినైనా కూర్చోబెట్టి వెయ్యొచ్చు కదరా" అని నతానియేలు అంటే, "వాళ్ళు కదులుతారు బావా. అద్దంలోవాడైతే చెప్పిన మాట వింటాడు" అనేవాడు. అవైనా మామూలు మొహాలా అంటే కాదు, మోడరన్ మొహాలు. ఒకదాంట్లో బుగ్గలు నీలం, ఒకదాంట్లో పెదాలు ఊదారంగు, ఇంకొకదాంట్లో రెండు కళ్ళూ ఒకే వైపున్నాయి. గడ్డం మాత్రం అన్నిట్లోనూ గుండెల దాకా ఉంది. పూల్ బొమ్మల్లో మనిషన్నవాడు ఉండడు. గట్టు మీద ఒక తువాలు, ఒక జత చెప్పులు, నీళ్ళ మీద ఇంకా సర్దుకోని వలయాలు, అంతే. పగలూ రాత్రీ ఆ గదిలోనే ఉండి బయట మొహం చూపించకపోవడంతో, అతను మళ్ళీ మస్కట్ వెళ్ళిపోయాడనే సగం ఊరు అనుకుంటోంది.

ఆ శనివారం మాత్రం నతానియేలు ఈల వేసుకుంటూ లేచాడు. గోదారి ఒడ్డున కొత్తగా రిసార్టు కడుతున్న సూర్యకుమారి గారు బొమ్మలు చూస్తానన్నారు. నచ్చితే కొంటానన్నారు. చర్చి వెనక కమ్యూనిటీ హాల్లో పదకొండింటికి ఎగ్జిబిషన్. అమ్ముడైతే అమలాపురంలో వేరే గది తీసుకుంటానని ప్రేమ్ కుమార్ అక్క ముందు మాటిచ్చాడు. మధ్యాహ్నానికి మిషను లోపలికి రావాలి.

ఇద్దరూ కలిసి తెల్లారకుండానే బొమ్మలు హాలుకి చేరవేసి, గోడలకు తగిలించారు. ప్రేమ్ కుమార్ ఫోను అక్కడే చార్జింగ్ పెట్టి, గడ్డం సవరించుకున్నాడు.

"బావా, ఒకసారి బండి ఇవ్వవా? అమలాపురం వెళ్ళి క్షవరం చేయించుకొస్తాను. పెద్దావిడ వస్తున్నారు కదా."

"రాజోల్లో మంగలి షాపులు మూసేసేరా?"

"నా తలకి అక్కడి కుర్రాడే అలవాటు బావా."

"అలవాటంట. తీసుకుపో. పదకొండుకి రాకపోతే మాత్రం మళ్ళీ రాకు. ఇవాళతో నీ పీడ విరగడవ్వాలి నాకు," అని నతానియేలు తాళం విసిరాడు.

అతను వెళ్ళాక పెద్ద ఫ్రేము ఒకదానికి మూల ఊడి చేతిలోకొచ్చింది. దాన్ని చంకన పెట్టుకుని నతానియేలు కొట్టుకి బయలుదేరుతుంటే, కుర్చీల బండితో షామియానా భీమరాజు ఎదురొచ్చాడు.

"భీమరాజూ, కుర్చీలేసి కాస్త డెకరేషన్ కూడా చూడు. నేనిప్పుడే వస్తాను."

"ఆయ్, నేను చూసుకుంటానండి. మీరు బెంగెట్టుకోకండి."

భీమరాజు లోపలికి వెళ్ళి తలెత్తి చూసి, నెత్తిన ఉన్న తువాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ ప్రాంతంలో బతికున్న మనిషికి పుట్టినరోజుకో ఎన్నికలకో ఫ్లెక్సీ కడతారు. మనిషి మొహాన్ని ఇంత పెద్దది చేసి, ఫ్రేము కట్టించి, హాల్లో తగిలించి, ఎదురుగా కుర్చీలు వేయించేది ఎప్పుడో అతనికి తెలుసు. పాతికేళ్ళుగా ఆ కుర్చీలు వేస్తున్నది అతనే. పైగా ఆ నీలం బుగ్గలు. ఆ పక్కనే నీళ్ళు, గట్టు మీద విడిచిన చెప్పులు. మస్కట్‌లో మనిషి పోతే శవం రావడానికి ఎంతెంత ఆలస్యమవుతుందో కూడా అతను చూసినవాడే. ఎలా పోయాడని దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళను అడగడం మర్యాద కాదు. కనుక భీమరాజు అడగలేదు. తన ఖర్చుతో తెల్ల చామంతి దండలు తెప్పించి, మొహం మొహానికీ ఒకటి వేయించాడు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, చార్జింగ్‌లో ఉన్న ఫోను తెర మీద అదే గడ్డం కనిపిస్తే, పోయినాయన వస్తువు కదా అని తీసి, నీలం మొహం ముందు భక్తిగా పెట్టాడు. తర్వాత పాస్టరు గారి తలుపు తట్టి, మస్కట్‌లో నీళ్ళల్లో పోయినట్టున్నారని చెప్పాడు.

పాస్టరు గారు వచ్చి చూసి, తనకు ముందుగా చెప్పనందుకు నొచ్చుకుని, వెంటనే నొచ్చుకున్నందుకు సిగ్గుపడి, చర్చి మైకులో చెప్పేశారు. "మన సంఘ సభ్యులు ప్రేమ్ కుమార్ గారి జ్ఞాపకార్థ కూడిక పదకొండు గంటలకు హాలులో జరుగును. అందరూ రావలెను." ఆ మాట ఊరంతా విన్నది. దగ్గుతున్న మిషను పక్కన ఫ్రేము మూల బిగిస్తున్న నతానియేలు మాత్రం వినలేదు.

తిరిగొచ్చి జనాన్ని చూసి అతను పొంగిపోయాడు. మోడరన్ ఆర్టుకి రాజోల్లో ఇంత గిరాకీ ఉందని అతనెన్నడూ అనుకోలేదు. గుమ్మంలో ఒక పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. లోపల మైకు ముందు స్టెల్లా టీచర్ మాట్లాడుతున్నారు.

"ప్రేమ్ కుమార్ ఎంతో వినయం గలవాడండి. చిన్నప్పుడు నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని నా బొమ్మే వేసేడు. అప్పుడు కొట్టేను. ఇప్పుడు ఆ బొమ్మ ఉంటే బాగుండుననిపిస్తందండి."

నతానియేలు దండలు చూశాడు. కొవ్వొత్తులు చూశాడు. ముందు వరసలో సూర్యకుమారి గారు కర్చీఫుతో కళ్ళొత్తుకోవడం చూశాడు. విషయం బోధపడడానికి అతనికి కొంచెం సేపు పట్టింది. బోధపడ్డాక కూడా, నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం అతను నోరు మూసుకునే ఉన్నాడు. పోయిన చిత్రకారుల బొమ్మలకు ధర ఎక్కువని బావమరిదే ఎన్నోసార్లు చెప్పాడు.

సూర్యకుమారి గారే లేచి అతని దగ్గరికి వచ్చారు.

"నాకు బొమ్మలు బాగా నచ్చేయండి. అన్నీ కొందామనే వచ్చేను. కానీ నీళ్ళల్లో పోయిన మనిషి వేసిన నీళ్ళ బొమ్మలు మా పూల్ పక్కన తగిలిస్తే, ఇంక అందులో దిగేదెవరండీ? మీరే చెప్పండి. ఏమీ అనుకోకండేం."

నతానియేలు కళ్ళ ముందు టార్పాలిన్ రెపరెపలాడింది.

"బతికే ఉన్నాడండీ!" అని హాలు అదిరేలా అరిచాడు.

హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. పాస్టరు గారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "ఆయ్, బతికే ఉన్నాడు నతానియేలూ. ప్రభువునందు బతికే ఉన్నాడు. ఇంత విశ్వాసం నీలో ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలీదు సుమా."

"ప్రభువునందు కాదండీ బాబూ! అమలాపురంలో! పొద్దున్న నా పక్కన కూర్చుని ఇడ్లీ తిన్నాడు!"

"మా నాన్నగారు పోయినప్పుడు మాకూ అలాగే ఉండేదండి," అన్నారు స్టెల్లా టీచర్ మైకులోంచే. "పక్కనే కూర్చుని తింటన్నట్టే ఉండేది."

"భీమరాజూ, నువ్వు చెప్పవయ్యా! నేను నీకేమైనా చావు కబురు చెప్పేనా?"

"చెప్పలేదండి. మీరు చెప్పలేకపోయేరు. నాకర్థమైంది కదండీ," అని భీమరాజు అతని చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాడు.

నతానియేలు గ్లాసు పక్కన పెట్టి, జేబులోంచి ఫోను తీసి, "ఉండండి, వాడితోనే మాట్లాడిస్తాను" అని నంబరు నొక్కాడు. నీలం మొహం కింద, కొవ్వొత్తుల మధ్య, ప్రేమ్ కుమార్ ఫోను మోగింది. ఆడవాళ్ళు బావురుమన్నారు.

సరిగ్గా అప్పుడు ఆలస్యంగా వచ్చిన ఒక ఆటో డ్రైవరు చెప్పులు గుమ్మం బయట విడిచి, వంగి వంగి వచ్చి చెవిలో చెప్పాడు.

"ఈ టైములో చెప్పకూడదు గానండీ, మీ బండి కాలవ గట్టు మీద పడుందండి. తాళం దానికే ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఎవడైనా ఎత్తుకుపోతాడేమోనని."

ఊరంతా మస్కట్‌లో పోయినవాడి కోసం ఏడుస్తోంది. ఈ ఉదయం ఆ బండి మీద వెళ్ళినవాడెవడో తెలిసింది నతానియేలు ఒక్కడికే. ఏళ్ళ తరబడి నీళ్ళు కడిగినవాడు కాలవలో పడతాడా? పడడు. కావాలని దిగితే? మళ్ళీ రాకు అని తనే అన్నాడు. పీడ విరగడవ్వాలని కూడా అన్నాడు. రూతుకి ఏం చెప్పాలి? ఆ చెప్పుల బొమ్మ వైపు చూశాడు. అవి తను కొనిచ్చిన చెప్పులేనని ఇప్పుడు గమనించాడు. అతను కుర్చీలో కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని, అప్పటిదాకా ఆ హాల్లో ఎవరూ ఏడవనంతగా ఏడ్చాడు. బావమరిది కోసం ఒక బావ అలా ఏడవడం రాజోలు తాలూకాలోనే ఎవరూ చూసి ఉండరని భీమరాజు తర్వాత చాలామందికి చెప్పాడు.

"ఎవరండీ ఈ పని చేసింది?"

వెనక వరసలోంచి ఒక గొంతు. అందరూ తిరిగి చూశారు. నున్నగా గీసిన గడ్డం, గుండులాంటి క్షవరం, మెడ మీద పౌడరు. ఎవరో బయటివాడు. అతను మనుషుల్ని తోసుకుంటూ వచ్చి, నీలం మొహం మీది దండ లాగి అవతల పారేశాడు.

"ఆయిల్ పెయింటు మీద తడి పువ్వులేస్తారా? బుగ్గ మీద రంగు చూడండి, ఎలా చెరిగిపోయిందో!"

"బాబూ, బాధలో ఉన్న ఇంట్లో ఇది మర్యాద కాదండి," అని పాస్టరు గారు మెల్లగా అతని మోచెయ్యి పట్టుకున్నారు. "తమరు పోయినాయనకి ఏమవుతారు?"

"పోయినాయనెవరు? అది నేనండీ!"

పాస్టరు గారు గోడ మీది గడ్డాలనూ, ఎదుటి గడ్డం లేని మనిషినీ మార్చి మార్చి చూశారు. ఎవరూ నమ్మలేదు. నతానియేలు కూడా కన్నీళ్ళలోంచి చూసి, ఆ గొంతు తన బుర్రలో మోగుతోందేమోనని భయపడ్డాడు.

అంతలో గుమ్మం దగ్గర కలకలం రేగింది. మైకులో చెప్పిన మాట పక్కింటావిడ నోట అప్పుడే విని రూతు ఇంటి నుంచి పరిగెత్తుకొచ్చింది. చేతులకు శనగపిండి, కాళ్ళకు చెప్పుల్లేవు. ఎవరినీ అడగలేదు, గోడ మీది బొమ్మల వైపు చూడలేదు. తిన్నగా ఆ గడ్డం లేనివాడి దగ్గరికి వెళ్ళి, చెంప మీద ఒక్కటి ఇచ్చింది. శనగపిండి అచ్చు పడింది.

"ఎక్కడ చచ్చేవురా?"

"క్షవరానికి వెళ్ళేనే అక్కా! తిరిగొస్తంటే కాలవ గట్టు మీద పెట్రోలైపోయింది. ఆటో వస్తంటే ఎక్కేసేను. తాళం మర్చిపోయేను."

రూతు మళ్ళీ కొట్టబోయి, అదే చేత్తో తమ్ముణ్ణి పొదివి పట్టుకుని ఏడ్చింది. అప్పుడు హాలు నమ్మింది. స్టెల్లా టీచర్ నవ్వడం మొదలుపెట్టారు, మైకు ఇంకా చేతిలోనే ఉందని మర్చిపోయి. పాస్టరు గారు ప్రార్థన చేశారు, కూడిక రకం మార్చి. భీమరాజు కొవ్వొత్తులు ఊదేస్తూ, "బతికున్నారు కదండీ, అదే పదివేలు. దండలకి నేనేం తీసుకోనండి" అన్నాడు. నతానియేలు లేచి వచ్చి బావమరిది మొహం రెండు చేతులతో పట్టుకుని, అద్దంలో చూసుకున్నట్టు చాలాసేపు చూశాడు.

"ఏంటి బావా, ఏడ్చేవా?"

"కంట్లో చెక్కపొట్టు పడింది," అన్నాడు నతానియేలు.

సూర్యకుమారి గారికి కూడా ప్రాణం లేచొచ్చింది. పూల్ బొమ్మలన్నీ అక్కడికక్కడే కొనేశారు. "మొహాలు మాత్రం వద్దండి, రాత్రిపూట గెస్టులు జడుసుకుంటారు. నాకు గదికొకటి చొప్పున ఇంకా బొమ్మలు కావాలి. ఇవెక్కడ వేసేరో అక్కడే, ఆ వెలుతురులోనే వెయ్యండి. తొందరేం లేదు, రెండేళ్ళు పట్టినా పర్లేదు."

"అమలాపురంలో గది చూసుకుంటన్నాడండీ," అన్నాడు నతానియేలు, చివరి ప్రయత్నంగా.

"ఎవరు చూసుకునేది?" అంది రూతు తమ్ముడి చెయ్యి వదలకుండా. "ఇంక నా కళ్ళ ముందు నుంచి కదిలేరంటే ఇద్దరి కాళ్ళూ ఇరగ్గొడతాను."

నతానియేలు అభ్యంతరం చెప్పలేదు. చెప్పకపోగా, సాయంత్రం అమ్ముడుపోని మొహాలన్నీ తనే మోసుకెళ్ళి గదిలో వరసగా తగిలించి, మిషను మీద టార్పాలిన్ సరిచేసి, దానికి కొత్త తాడు కట్టాడు.

ఆ రోజు పోయిందెవరని ఎవరైనా అడిగితే, మనిషెవరూ పోలేదు; నతానియేలుకి తొమ్మిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, అంటే పైకప్పు రేకులతో సహా పావు సెంటు స్థలం పోయింది.