పడనియ్యని కుర్చీ

ఆ పొద్దున జగపతి అనుకున్నది చాలా చిన్న పని. లింగాల ఘనపూర్ దగ్గరి తన ఊళ్లో వాడవాడా తిరిగి, దండాలు పెట్టి, పొద్దుగూకాక మొక్కు తీర్చుకొని అన్నం తినాలి. మర్నాడే సర్పంచి ఎన్నిక. అది 1981, రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. మొక్కు కాబట్టి కడుపులో మంచినీళ్లు తప్ప ఏమీ లేవు.

తమ్ముడు శ్రీపాల్ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నవాడు దించితేగా! పక్కనే కదలకుండా నిలబడ్డ జగపతి మొహం పాలిపోయింది, చెమటలు పట్టాయి, నిలువునా కూలిపోయాడు.

"మంచం తెండ్రి! జనగామ దవాఖానకు తీస్కపోదాం!" అంటూ భార్య మనోరమ గుండెలు బాదుకుంది.

"మంచమా? అన్న మంచమెక్కి పోయిండంటే రేపు ఓట్లు పడ్తయా వదినె? కుర్చీల కూసోవెట్టుండ్రి. దర్జాగ పోవాలె" అన్నాడు శ్రీపాల్.

ఎడ్లబండి మీద కుర్చీ వేసి, జగపతిని కూర్చోబెట్టి, వాలకుండా కండువాలతో కట్టేశారు. మెడలో పూలదండ అలాగే ఉంది. దారిలో ఎవరెదురైనా శ్రీపాల్ వెనక నుంచి అన్న చేతులు రెండూ పట్టుకొని దండం పెట్టించాడు. అలాంటి ప్రచారం పగవాడికి కూడా వద్దు.

ఆ వైపు మనిషిని కూర్చోబెట్టి, దండేసి ఊరేగించేది ఒక్క జంగమయ్యలు పోయినప్పుడే. తల వేలాడేసి పోతున్న జగపతిని చూసి జనం చెప్పులు విడిచారు. పోటీలో ఉన్న రాజలింగు సైకిల్ దిగి బోరుమన్నాడు.

"అయ్యో జగపతన్నా! నీ మీద నిలవడ్డ గని నీ సావు కోరలేదే!"

"సావలేదే! జర అలిసి పన్నడు" అన్నాడు శ్రీపాల్.

"మనసు గట్టి చేస్కో తమ్మీ" అని శ్రీపాల్‌ను కావలించుకొని, కబురు చెప్పడానికి రాజలింగు ఊరివైపు సైకిల్ తిప్పాడు.

ఇంతలో చక్రం గుంటలో దిగి కుర్చీ వెల్లకిలా పడింది. తల కిందికీ కాళ్లు మీదికీ ఐన జగపతి కళ్లు తెరిచాడు. "మీటింగ్ ఐపోయిందా?"

"బతికిండు! గట్లనే పండనియ్యుండ్రి, మీ కాళ్లు మొక్కుత!" అని మనోరమ ఏడ్చింది.

"తెలివొచ్చినంక పండుడేంది?" అని శ్రీపాల్ కుర్చీ లేపాడు. కాసేపటికే జగపతి మళ్లీ కళ్లు తేలేశాడు. ఈసారి చేతులు కొట్టుకున్నాయి. మనోరమ ముడులు విప్పుతుంటే మరిది వేస్తూ పోయాడు. ఆమె పుస్తెలు గుప్పిట్లో పట్టుకొని కూర్చుంది.

జనగామ డాక్టరు చూసీచూడగానే కండువాలు కోసి, జగపతిని నేలమీద పడుకోబెట్టి, కాళ్లు బల్లమీదికి ఎత్తించాడు. కొంతసేపటికి జగపతి అన్నం అడిగాడు.

"గుండెకు ఉరికిచ్చే నరాలుంటయి, ఆపే నరాలుంటయి" అన్నాడు డాక్టరు. "ఆకలి మీద ఎండల నిలవడితే నెత్తురు కాళ్లల్లకు దిగుతది. ఆపే నరం పట్టు బిగిస్తే గుండె మెల్లగైతది, మెదడుకు నెత్తురందదు. అప్పుడు ఒళ్లు మనిషిని పడేస్తది. పడితె నెత్తురు తలకు పోతది, లేస్తడు. పడుడే మందు. మీరు పడనియ్యకుంట కట్టేసిన్రు. ఇంకింత సేపైతే శవాన్నే కూసోవెట్టి తెచ్చెటోళ్లు."

"నా పుస్తె తెంపుతుంటివి గదరా!" అని మనోరమ మరిది మీద విరుచుకుపడింది. తిరుగు ప్రయాణంలో ఆమె మాట మీద జగపతి బండిలో గడ్డి మీద పడుకున్నాడు, కుర్చీ ఓ మూలన పడింది.

సాయంత్రం ఇంటి ముందు డప్పులు. ఆడవాళ్ల ఏడుపులు. రాజలింగు ఓపిగ్గా పాడె కడుతున్నాడు. బండిలోంచి జగపతి లేచి కూర్చోగానే సగం జనం పరుగు. పొద్దుటినుంచీ పచ్చి గంగ ముట్టని శ్రీపాల్ ఆ పాడె చూశాడు, అన్నను చూశాడు, పాడె పక్కనే పడిపోయాడు.

"ముట్టకుండ్రి! పండనియ్యుండ్రి!" అని మనోరమ అరిచింది.

"నువ్వాగు! రేపే ఓట్లు. నా తమ్ముడు పాడె పక్కన పడ్డడంటే ఊరేమంటది?" అని జగపతి బండి మీదినుంచే కేకేశాడు. "కుర్చీ తెండ్రి!"

డాక్టరు కోయగా మిగిలిన కండువాలు కుర్చీకే వేలాడుతున్నాయి, వెతికే పని లేకుండా.