పోయిన తేదీ ఖాళీ

శనివారం పొద్దున కియోనా అనుకున్న పని చిన్నదే. అమ్మమ్మ చెల్లెలు ఆర్నెట్టా తన జీవితాన్ని తన నోటితో చెబుతుంటే ఫోనులో రికార్డు చేసుకోవాలి. సోమవారానికి అది ఇవ్వకపోతే, కాలేజీలో రెండో సబ్జెక్టుగా తీసుకున్న ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర చేజారినట్టే.

అమెరికా దక్షిణాదిలోని మేకన్ ఊరంతా ఎండలో జోగుతోంది. వరండా ఉయ్యాలలో ఊగుతూ ఆర్నెట్టా చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"నా బతుకులో ఏముందే తల్లీ? ఇవి ఒలిచాను, ముసలిదాన్నయ్యాను," అని కునుకు తీయడానికి లోపలికి వెళ్లిపోయింది.

ఎవరైనా పోతే చర్చిలో ఫొటోతో, జీవితకథతో చిన్న పుస్తకం పంచుతారు. ప్రతి ఇంటి బైబిల్లోనూ అలాంటివి డజను ఉంటాయి. వంశాల చరిత్రంతా వాటిలోనే. కియోనా ఆ పద్ధతిలోనే తనకు తెలిసిన నాలుగు ముక్కలు రాసి, ఆర్నెట్టా ఊదారంగు టోపీతో ఉన్న ఫొటో పెట్టింది. చూపిస్తే తప్పులైనా దిద్దకపోతుందా అని ఆశ. కాపీ తీయబోతే చర్చి ఆఫీసు మిషన్లో కాగితం అయిపోయింది; రాసింది మిషన్ మీదే వదిలి బజారుకు వెళ్లింది.

కాగితం కొనుక్కొచ్చేసరికి ఆఫీసుకు తాళం. ఈలోపే చర్చి సెక్రటరీ లూవినియా మిషన్ మీదున్న ఆ రాత చూసింది. పోయిన తేదీ ఖాళీగా ఉంటే, పాపం ఏడుపులో మరిచిపోయింది పిల్ల అనుకుంది. బీరువాలోని కాగితం తీసి రెండు వందల కాపీలు కొట్టి, ఊరంతా ఫోన్లు చేసింది. ఆర్నెట్టాకు తప్ప. పోయినవాళ్లకు ఎవరు చేస్తారు?

సంగతి తెలిసి కియోనా ఆర్నెట్టా ఇంటికి పరుగున వచ్చేసరికి వాకిలి నిండా కార్లు, పరామర్శకు తెచ్చిన వేయించిన కోళ్లు, కేకులు. జనం మెల్లగా, కలలో మాట్లాడినట్టు మాట్లాడుకుంటున్నారు. తన క్షవరశాల మూసేసి వచ్చిన చర్చి పెద్ద, డీకన్ హోబర్ట్ కళ్లు తుడుచుకున్నాడు.

"నల్లవాళ్లను వెనక కూర్చోబెట్టే బస్సులెక్కం అని మనమంతా నడిచిన రోజుల్లో, ఆర్నెట్టాకు బూట్లిచ్చి నడిపించింది నేనే."

జాలీ తలుపు వెనక నుంచి గొంతు వినిపించింది.

"అబద్ధం. ఆ బూట్లు మా అమ్మవి. నువ్వు మూడో రోజే మీ మావయ్య కారెక్కావు, హోబర్ట్."

ఎవరి చేతిలోదో కేకు కింద పడింది.

నిద్దట్లో తన కథ వినబడుతుంటే స్వర్గానికే వచ్చానేమో అనుకుందట ఆర్నెట్టా. హోబర్ట్ గొంతు విన్నాక కాదని తేలిందట. ఉయ్యాలలో కూర్చుని పుస్తకం తెరిచి, వాక్యం వాక్యం దిద్దింది: ఎవరు నడిచారు, ఎవరు నడవలేదు, అందుకు చెరసాలలో వేస్తే అక్కడ ఏ పాట ఎత్తుకున్నారు, ఎవరికి శ్రుతి తప్పింది. మూడు గంటలు. చిక్కుడుకాయల గిన్నె పక్కన కియోనా ఫోను అంతా వింటూనే ఉంది.

పొద్దు వాలాక ఆర్నెట్టా ఒక పుస్తకం మడిచి బైబిల్లో పెట్టుకుంది.

"మిగతావి పారెయ్యకే తల్లీ. తేదీ వేసుకుంటే సరిపోతుంది."