గట్టిమేళం బీ సైడులో ఉంది

పెళ్లిళ్లలో మేళంవాళ్లను మానిపించి టేపురికార్డరు పెట్టడం కన్నా గొప్ప పని మన బాన్సువాడ చుట్టుపక్కల ఈ నూరేళ్లలో జరగలేదు! కాదన్నవాళ్లు చేతులెత్తండి. ఎత్తారా? ఇక దించండి, చెప్పేది చాలా ఉంది.

మేళం అంటే నలుగురు. సాయిలు సన్నాయి మీద పాట వాయిస్తాడు. ఒకడు డోలు, ఒకడు తాళం. నాలుగోవాడు మా బసవయ్య బావ. ఆయనది సుతి. అంటే ఇంకో సన్నాయి పట్టుకొని, బుగ్గలు పూరీల్లా ఉబ్బించి, ఊపిరి తెగకుండా ఒకటే స్వరం ఊదడం. ముప్పై ఏళ్లుగా అదొక్కటే!

"ఇంట్ల గదీ రాదు తమ్మీ. ఉలకడు, పలకడు" అంటుంది మా అక్క.

మొన్న మాఘంలో బీర్కూర్‌లో హరనాథబాబు గారు కూతురి పెళ్లి పెట్టుకున్నారు. కృష్ణాజిల్లా నుంచి వచ్చి కాలువ కింద వరి పండిస్తున్న మనిషి, తెలివిగలవారు. బావను చూసి సాయిలును అడిగారు.

"ఈయన ఊదేది ఒక్క కూతే కదయ్యా. ముగ్గురు రండి, చాలు."

"సుతి లేకుంటె నా పాట యాడ నిలవడ్తది సారూ? వస్తె నలుగురం, లేకుంటె లేదు."

"అయితే మీరు భోజనానికి రండి. వాయించడానికి టేపు వస్తుంది!"

ఎంత చక్కటి ఏర్పాటు! టేపు మధ్యలో చాయ్ అడుగుతుందా? పీక తడుపుకుంటుందా? అన్నిటికన్నా గొప్ప గుణం, దానికి కళ్లు లేవు. మేళంవాళ్లకు మర్యాద తెలియదండీ! పెళ్లిలో వాళ్ల చూపంతా పంతులు వేలి మీదే. ఆయన వేలెత్తగానే నలుగురూ ఒక్కసారిగా గట్టిమేళం అందుకుంటారు. తాళి కట్టే వేళ ఎవరి తుమ్మూ, ఎవరి చెడ్డమాటా చెవిన పడకూడదని. టేపు ఎవరి వేలి వంకా చూడదు. ఎంత సంస్కారం!

నలుగురూ భోజనానికే వచ్చారు. అలవాటు కొద్దీ వాయిద్యాలు చంకలోనే ఉన్నాయి. భోజనం అన్నారని నేనూ వెంట వెళ్లాను.

పందిట్లో మైకుసెట్టు మునీర్ టేపు నొక్కాడు. అబ్బ, ఏం సన్నాయి! పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు. పంతులు వేలెత్తారు. టేపు తన పాట తాను తీరిగ్గా పాడుకుంటోంది. ఆయన వేలు ఊపారు. చేయంతా ఊపారు.

"గట్టిమేళం, గట్టిమేళం!"

"జర ఆగుండ్రి సాబ్! గది బీ సైడ్‌ల ఉన్నది!"

మునీర్ టక్కున టేపు ఆపాడు. క్యాసెట్ తీశాడు. తిప్పుతున్నాడు. పందిరంతా నిశ్శబ్దం.

అప్పుడు ఎవరో తుమ్మారు. ఒక్కటే తుమ్ము. బాన్సువాడ బస్టాండు దాకా వినిపించేంత!

పెళ్లికొడుకు చేయి గాల్లోనే ఆగింది. పెళ్లికూతురు కళ్లలో నీళ్లు. హరనాథబాబు గారి తల్లి సుబ్బరత్నమ్మ గారు లేచారు.

"ఆపండ్రా! మేళం లేకుండా తాళేంట్రా, హరనాథం? పో, వాళ్లను పిలుచుకురా!"

ఆయనే వచ్చి బావ ముందు నిలబడ్డారు. "బసవయ్యా... కాస్త..."

బావ లేచాడు. సన్నాయి పెదాలకు పెట్టుకుని ఆ ఒక్క స్వరం అందుకున్నాడు. అది నిలబడేదాకా సాయిలూ ఆగాడు, డోలూ ఆగింది, పంతులూ ఆగారు. తర్వాత వేలు లేచింది చూడండి! ఆ గట్టిమేళంలో వంద మంది తుమ్మినా వినపడేది కాదు.

ఇప్పుడు బీర్కూర్‌లో సుతి ఎందుకని అడిగేవాడు లేడు. ఇదంతా టేపు పుణ్యం కాదా? ఊరికో టేపు రావాలి, ప్రతి టేపులోనూ గట్టిమేళం బీ సైడులోనే ఉండాలి!

తుమ్మిందెవరని ఇప్పటికీ వెతుకుతున్నారట. వెతకనివ్వండి. తిరుగు బస్సులో బావ మాత్రం నా జేబు వంక చూశాడు.

"నశ్యం డబ్బీ యాడిది బామ్మర్దీ? నీకు అలవాటు లేదు గద?"

"గీ పొద్దుగాలనే మొదలువెట్టిన బావా."

బావ పకపకా నవ్వాడు. ముప్పై ఏళ్లలో ఆయన దగ్గర నేను విన్న రెండో స్వరం అదే.