ఈత దుస్తులకి ఇస్త్రీ

ఆ రోజు దర్జీ వేసుకున్న పథకం చాలా సులువైనది. ఎనిమిదింటికి కూతుర్ని ఈత కొలను దగ్గర దింపడం, పదింటికి దాని పోటీ చూడడం, పదకొండింటికి వచ్చి దుకాణం తెరవడం. వంద మీటర్ల ఈతలో మొదటి ఇద్దరికే పై పోటీలకి పిలుపు. ఆ పిలుపు కోసం పిల్ల రెండేళ్ళుగా తెల్లారకముందే లేచి, ముక్కు దిబ్బడతో, ఎర్రబడ్డ కళ్ళతో ఈదుతోంది. ఇందులో తండ్రి చెయ్యాల్సింది ఒక్కటే, ఏమీ చెయ్యకుండా ఉండడం. అదే అతనికి చేతకాదు.

ఇస్త్రీ లేని బట్ట తన గుమ్మం దాటితే పరువు పోతుందని అతని నమ్మకం. కుర్చీ మీద ఈత దుస్తులు ముడతలు పడి కనిపించాయి. ఇస్త్రీ పెట్టె వేడెక్కే ఉంది.

"నీళ్ళల్లో దూకేదానికి ఇస్త్రీ ఏంటండీ?" అంది భార్య వంటగదిలోంచి.

"దూకేదాకా అయినా మర్యాదగా ఉండొద్దా? నీకు తెలీదు, ఊరుకో."

రెండోసారి రుద్దేసరికి చుయ్యిమంది. బట్టకేమీ కాలేదు. నడుము వెనకాల గోరంత ముద్ర ఒకటుంది. ఈ దుస్తులు పోటీలకి పనికొస్తాయని ఈత సంఘం వాళ్ళు నంబరుతో సహా వేసిన ముద్ర. అది మాత్రం బట్టనొదిలి పెట్టె అడుక్కి అంటుకుపోయింది.

"ముద్ర లేకపోతే లోపలికి రానివ్వరు నాన్నా," అంది పిల్ల. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"ముద్ర ఎక్కడికి పోయిందే, ఇక్కడే ఉందిగా. పెట్టెనే తీసుకెళ్దాం."

ముగ్గురు మనుషులూ ఒక ఇస్త్రీ పెట్టే కలిసి ఒకే స్కూటరు మీద బయల్దేరారు. పెట్టె ఇంకా చల్లారలేదన్న సంగతి దాన్ని ఒళ్ళో పెట్టుకున్న భార్య దారి పొడుగునా చెబుతూనే ఉంది.

కొలను గేటు దగ్గర బల్ల వేసుకుని దుస్తులు తనిఖీ చేస్తున్నవాడు తూనికలు కొలతల ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగిరీ వెలగబెట్టి దిగిపోయిన మనిషి. చేతిలో ఎప్పుడూ ఉండే అంగుళాల కర్రని బట్టి అందరూ రూళ్ళకర్ర అంటారు. స్నానాల గదిలో తప్ప నీళ్ళకి దగ్గరగా వెళ్ళి ఎరగడు. ఇలాంటి పనులకి అలాంటివాళ్ళనే వెతికి మరీ పెడతారు.

"ముద్ర ఏదీ?"

"ఇదిగోండి సార్," అని దర్జీ పెట్టెని వెల్లకిలా తిప్పి బల్ల మీద పెట్టాడు.

రూళ్ళకర్ర నవ్వలేదు. నవ్వొచ్చని నియమాల్లో ఎక్కడా లేదు. కళ్ళజోడు సవరించుకుని, "అంకెలు తిరగబడ్డాయి," అన్నాడు.

"అద్దంలో చూస్తే తిన్నగా ఉంటాయి సార్."

వెనకాల ఇరవై మంది పిల్లలు తువ్వాళ్ళు కప్పుకుని వణుకుతుంటే, ఇద్దరు పెద్దమనుషులు ఇస్త్రీ పెట్టెని మోసుకెళ్ళి స్కూటరు అద్దానికి చూపించారు. నంబరు జాబితాలో ఉంది. 'ముద్ర చూపవలెను' అని నియమం. దేని మీద చూపాలో రాయలేదు. రాయనిదాన్ని ఊహించుకునే తెలివి రూళ్ళకర్రకి దేవుడివ్వలేదు. ముద్ర దేనికుంటే దాని పేరే రాయాలి కాబట్టి, 'ఆమోదించిన దుస్తులు' అన్న గడిలో 'ఇస్త్రీ పెట్టె, ఒకటి' అని రాసి సంతకం పెట్టాడు.

"ఇక పొడవు. మోకాలు దాటకూడదు."

పిల్ల ఈత దుస్తుల్లో వచ్చి నిలబడింది. భుజం నుంచి మోకాలిదాకా ఆయన చేతి కర్రతోనే కొలిచారు. తల్లి కర్ర పట్టుకుంటే ఆయన అంకె చదివాడు, ముప్ఫై ఆరు అంగుళాలు. కర్రని మళ్ళీ మళ్ళీ జరపడం విసుగనిపించి, బట్ట పొడవుకి మాత్రం దర్జీ మెడలో వేలాడే టేపు అడిగి తీసుకున్నాడు.

"బట్ట ముప్ఫై ఏడు. మోకాలు దాటి అంగుళం కిందికి వచ్చింది. చెల్లదు."

"దాటడమేంటండీ? నాలుగు వేళ్ళ పైనే ఆగింది కదా. మోకాలు ఎదురుగా కనబడుతుంటేనూ," అంది తల్లి.

"కళ్ళతో చూసింది లెక్కలోకి రాదమ్మా. కళ్ళకి ముద్ర లేదు."

సంగతేమిటో దర్జీకి తెలుసు. ఆ టేపుకి మొదటి నాలుగంగుళాలూ లేవు. ఆరేళ్ళ కిందట ఇదే పెట్టె కింద పడి కాలిపోయాయి. అప్పట్నుంచీ మనసులో నాలుగు తీసేసుకుని కుడుతున్నాడు. ఆ ముక్క చెబితే సరిపోతుంది. చెప్పడు. పిల్లల్ని తీసుకొచ్చిన తండ్రుల్లో తన దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు లైన్లోనే ముగ్గురున్నారు. కూతురి రెండేళ్ళ కష్టం కన్నా తన టేపు పరువే బరువుగా తోచిందేమో, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. భార్య మోచేత్తో పొడిస్తే పక్కకి జరిగాడు.

లోపల పోటీ పిలుపు గంట మోగింది.

"సార్," అంది పిల్ల. "కళ్ళకి ముద్ర లేదన్నారు. మరి ఈ టేపుకి ఉందా?"

రూళ్ళకర్ర టేపు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. టేపు తిప్పి చూశాడు, మడిచి చూశాడు. ముద్ర లేదు. పైగా మొదటి అంకె అయిదు. ముద్ర లేని తూకపు రాళ్ళూ, కొలపాత్రలూ జప్తు చేస్తూ బతుకు గడిపిన మనిషి. రిటైరయ్యాక ఆ మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది.

"ఏమయ్యా టైలరూ, ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నావ్ దీన్ని?"

"మొన్నట్నుంచే సార్."

"ఆరేళ్ళండీ," అంది భార్య. ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది ఆవిడకి.

లైన్లో ఒకాయన వంగి తన ప్యాంటు అంచులు చూసుకున్నాడు.

టేపు అక్కడికక్కడే జప్తయింది. ముద్ర లేని టేపుతో తీసిన కొలత చెల్లదు. తన కర్రనీ తిప్పి చూసుకున్నాడు, దానికీ ముద్ర లేదు. కొలత లేకుండా దుస్తులు చెల్లవనడానికీ వీల్లేదు. రూళ్ళకర్ర కాసేపు తలా తోకా లేకుండా గొణుక్కుని, 'పొడవు: సాధనం లభ్యం కాలేదు' అని రాసి పిల్లని వదిలిపెట్టాడు.

పిల్ల పరిగెత్తి వెళ్ళి దూకింది. వేలి కొసంత తేడాతో రెండో స్థానంలో గోడ తాకింది. తల్లి పెట్టెని గుండెకి అదుముకుని గొంతు పోయేలా అరిచింది. తండ్రి ఆ సంబరం చూడలేకపోయాడు. ప్యాంటాయన, ఇంకో ఇద్దరూ అతన్ని గోడ దగ్గర నిలబెట్టి మాట్లాడుతున్నారు.

వెళ్ళేముందు దర్జీ బల్ల దగ్గరికొచ్చి బతిమాలాడు. "ఆ ఇస్త్రీ పెట్టె మాట కొట్టేసి ఈత దుస్తులని రాయండి సార్."

"కొట్టివేతలు చెల్లవు," అన్నాడు రూళ్ళకర్ర.

రెండు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. అమ్మాయి పై పోటీలకి ఎంపికైనదనీ, ఆ రోజున ఆమోదం పొందిన ఇస్త్రీ పెట్టెనే ధరించి రావలెననీ.