గడ్డి మీద పెట్టిన బల్ల

ఆ శనివారం పొద్దున్న నెవిల్ క్రేక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చలికాలం మొదలైన దగ్గర్నుంచీ గరాజులో తయారుచేస్తున్న పనిబల్లని పెరటి షెడ్డులోకి చేర్చాలి, అంతే. రోజూ కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గోకలేక విసిగిపోయిన భార్య గ్లెనిస్, సాయంత్రానికి గరాజు ఖాళీ కాకపోతే రంపాలన్నీ వీధిలో పడతాయని చెప్పి మరీ బయటికి వెళ్ళింది.

అది అలాంటిలాంటి బల్ల కాదు. నాన్న తన గొర్రెల దొడ్డికి పాతిన, రెడ్‌గమ్ అనే గట్టి ఎర్ర కలప గుంజల్ని, పొలం అమ్మేసిన రోజున పెకలించి తెచ్చుకుని, కోసి, చిత్రిక పట్టి చేసిన బల్ల. నాన్న గుర్తుగా నెవిల్‌కి మిగిలినవి ఆ కొయ్యలే. పూర్తయ్యేదాకా ఎవరి కళ్ళూ పడకూడదని గ్లెనిస్‌ని కూడా గరాజు గడప తొక్కనివ్వలేదు.

పక్క గేటులో బల్ల పట్టలేదు. వీధి చుట్టూ తిప్పి వెనక సందులోంచి తేవాలి. నెవిల్ దాన్ని తోపుడుబండి మీద ఇంటిముందు దాకా లాగాడు. అక్కడ బండి చక్రం ఊడింది. బల్లని రోడ్డువార గడ్డి మీదికి దింపి, సాయానికి పక్కింటి స్టావ్రోస్‌ని పిలవడానికి వెళ్ళాడు.

ఆ వారం ఊళ్ళో పాత సామాను పారేసే వారమన్న సంగతి అతనికి తట్టలేదు. అక్కర్లేని వస్తువుని గడ్డి మీద పెట్టడం, మునిసిపాలిటీ లారీ వచ్చేలోగా కావలసినవాళ్ళు పట్టుకుపోవడం అక్కడి రివాజు. ఆ రివాజు నెవిల్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అతని గరాజులో సగం సామాను అలా వచ్చిందే.

స్టావ్రోస్ ఇంట్లో కాఫీ తాగకుండా ఎవరూ గడప దాటలేరు. ఇద్దరూ బయటికొచ్చేసరికి గడ్డి మీద బల్ల లేదు. స్టావ్రోస్ భార్య వూలా మాత్రం నిమ్మచెట్టుకి తాపీగా నీళ్ళు పోస్తోంది.

"ఇక్కడ బల్ల ఏదీ?" నెవిల్ గొంతు కీచుమంది.

"నీ పీడ వదిలించాను నెవిల్! ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు ట్రెయిలర్ ఆపి, ఇది పారేసిందేనా అని అడిగారు. పాపం, రోజూ సాయంత్రం దాన్ని పట్టుకుని తిట్టిపోస్తుంటాడు, అతని మనసు మారకముందే పట్టుకుపొండి అన్నాను."

"తిడుతూ చేస్తేనే అది వడ్రంగం తల్లీ!" నెవిల్ నెత్తి కొట్టుకున్నాడు. "ఎవరి ట్రెయిలర్?"

"మీ వడ్రంగి క్లబ్బు వాళ్ళదే. పేరు రాసుంది."

స్టావ్రోస్ కారు ఎర్ర దీపాలని లెక్కచెయ్యకుండా క్లబ్బుకి చేరింది. క్లబ్బు ముందు జనం. సాసేజీల పొగ. మధ్యలో అతని బల్ల, దాని మీద కాగితం: "పైకప్పు మరమ్మతు కోసం లాటరీ. మొదటి బహుమతి."

"అది నాది!" అన్నాడు నెవిల్ జనాన్ని తోసుకుంటూ.

ప్రెసిడెంటు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఎక్కడ పెట్టావు?"

"మా... గడ్డి మీద."

"ఈ వారంలోనా?"

ఎవరో కిసుక్కుమన్నారు. డెస్ హాలోరన్ ముందుకొచ్చాడు. నిరుడు డెస్ రంగు వేసి గడ్డి మీద ఆరబెట్టుకున్న పుస్తకాల అల్మరాని నెవిలే పట్టుకుపోయాడు.

"నేను అడగడానికొస్తే ఏమన్నావురా? గడ్డి ఎక్కిన సామాను ఊరిది అన్నావు. గుర్తుందా?"

నెవిల్ బల్లకి అడ్డంగా నిలబడ్డాడు.

"నేను బోలెడు చీటీలు కొన్నాను" అన్నాడు డెస్ బల్ల కాలు తట్టి చూస్తూ. "రెడ్‌గమ్! పొయ్యిలో వేస్తే దీన్ని మించింది లేదు. ఈ చలికాలం గట్టెక్కేసినట్టే."

నాన్న చేతుల్తో పాతిన గుంజలు డెస్ పొయ్యిలో! నెవిల్ జేబు దులిపి మిగిలిన చీటీలన్నీ కొనేశాడు. స్టావ్రోస్ జేబు కూడా దులిపాడు. అన్నీ పసుపు రంగువే. డెస్ చేతిలో అన్నీ గులాబీవి.

ప్రెసిడెంటు బకెట్లో చెయ్యి పెట్టి, కావాలనే అన్నట్టు నిదానంగా కలిపి, ఒక చీటీ తీశాడు.

"గులాబీ రంగు."

నెవిల్ కళ్ళు మూసుకున్నాడు. ఏడుపు తన్నుకొస్తోంది. ప్రెసిడెంటు నంబరు చదివాడు. డెస్ చీటీలు తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు.

"నాది కాదే!"

"నాదే!" సాసేజీల పొయ్యి దగ్గర్నుంచి ఒక గొంతు కేక పెట్టింది.

గ్లెనిస్! చేతిలో పట్టకారుతో పరిగెత్తుకొస్తోంది. నెవిల్ ప్రాణం లేచొచ్చింది. అందరూ చూస్తుండగానే భార్యని గట్టిగా వాటేసుకున్నాడు. "నా తల్లే! నా బంగారమే! నా బల్లని కాపాడావు!"

"నీ బల్లేమిటి?"

నెవిల్ గుంజల దగ్గర్నుంచి డెస్ పొయ్యి దాకా ఒక్క గుక్కలో చెప్పేశాడు. గ్లెనిస్ కళ్ళు చెమర్చాయి. బల్లని ఒకసారి ఆప్యాయంగా నిమిరింది.

"మామయ్య కొయ్యలా! మరి ఇంత మంచి బల్లని షెడ్డులో పడేస్తావా? ఇందాక సాసేజీలు కాలుస్తూ దీన్ని చూసినప్పుడే అనుకున్నాను, మన వంటింట్లో కిటికీ పక్కన ఎంత బాగుంటుందో అని. అంచున కొయ్య బిగించే ఈ ఇనప పట్టు అక్రోటులు పగలగొట్టడానికి సరిపోతుంది."

"గ్లెనిస్, అది పనిబల్ల. దాని మీద ఉలి, సుత్తి..."

"నీ బల్ల గడ్డెక్కి ఊరిదైంది. ఇది లాటరీలో నేను గెల్చుకున్నది. దీని మీద ఒక్క గీత పడిందో, చూడు!"

న్యాయమేనంటూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు డెస్. బల్లని ఎత్తి ట్రెయిలర్‌లో పెట్టడానికి సాయం పట్టింది కూడా అతనే.

ఆ సాయంత్రం నెవిల్ తన పనిబల్ల మీద మొట్టమొదటి పని చేశాడు: కింద గుడ్డ పరుచుకుని బంగాళాదుంపల తొక్కు తీశాడు.