ఎండుకొమ్మ మీద మహాసభ

ఒక పెద్ద అడవిలో, అంటే సగం రాజుగారిది, సగం సొంతదారులది అయిన అడవిలో, నాంచారి అనే ఉడుతకు తాతలనాటి నల్లమద్ది చెట్టు ఒకటి ఉండేది. ఏటవాలుగా పెరిగిన ఆ చెట్టుకు ఓ పెద్ద కొమ్మ ఎండి పుచ్చిపోయింది. సరిగ్గా దాని కిందే నాంచారి గూడు. గూట్లో ఇంకా కళ్ళు తెరవని ముగ్గురు పిల్లలు. తొలకరి గాలి వీస్తే కొమ్మ విరిగి గూటి మీద పడటం ఖాయం.

కొరికి పడేద్దామంటే చట్టం ఒప్పుకోదు. సొంత చెట్టయినా సరే, చిగురు తుంచాలంటే, రాజుగారి తరఫున అడవి చట్టాలు చూసే ఏనుగు దొరగారి కచేరీలో అనుమతి కావాలి. నాంచారి మూడుసార్లు తిరిగింది. గుమాస్తా తాబేలుది మూడుసార్లూ ఒకటే మాట.

"కొమ్మ పడితే ప్రమాదం అని రాశావు. పడిందా?"

"ఇంకా పడలేదండీ."

"మరి ప్రమాదం ఏదమ్మా? పడ్డాక రా, చూద్దాం."

నాంచారికి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. తిరిగి వస్తుంటే నక్క విశ్వంభరం ఎదురయ్యాడు. సొంత చెట్లవాళ్ళ తరఫున మాట్లాడే సంఘాలు అడవిలో తొమ్మిది ఉంటే, నాలుగింటికి ఆయనే అధ్యక్షుడు.

"ఒక్కదానివి తిరిగితే ఎవరు వింటారు చెల్లెమ్మా? తొమ్మిది సంఘాలనూ కలిపి మహాసభ పెడదాం. చట్టమే మార్పిద్దాం!"

"సభ ఎక్కడన్నయ్యా?"

"నీ చెట్టు దగ్గరే. ఆ ఎండుకొమ్మే వేదిక. ఆకులు అడ్డం లేవు కదా, అందరం చక్కగా కనిపిస్తాం."

"అది విరుగుతుందేమోనని కదా నా బాధ!"

"విరిగేలోపే తీర్మానం చేసేస్తాంలే."

సభ రోజు రానే వచ్చింది. ముఖ్య అతిథి ఏనుగు దొరగారు చెట్టెక్కే వీలు లేక, తాబేలుతో పాటు కిందే కూర్చున్నారు. విశ్వంభరం కొమ్మ మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"తేనెపట్టుల యజమానుల సంఘం అధ్యక్షులు ఎలుగుబంటిగారు వేదికను అలంకరించవలసిందిగా కోరుతున్నాను."

ఎలుగుబంటి అలంకరించాడు. కొమ్మ కిర్రుమంది. నాంచారి గూట్లోకి దూకింది. ఒక పిల్లను నోట కరుచుకుని వెళ్ళి, దూరంగా రాళ్ళ సందులో దించి వచ్చింది.

తర్వాత కొండముచ్చును పిలిచారు. ఆయన నొచ్చుకుంటాడని ఆయన బావమరిదినీ పిలిచారు. అడవిపంది ఎక్కలేకపోతే కిందనుంచి నలుగురు నెట్టారు. మా పేర్లేవని ఆ నలుగురూ అలిగితే వాళ్ళనూ పిలిచారు. నాంచారి రెండో పిల్లను దించింది.

"పెద్దలు మన్నించాలి, కొందరిని మరిచిపోయాం" అంటూ విశ్వంభరం మరో ఐదుగురిని పిలిచాడు. ఇక కింద వినడానికి దొరగారూ తాబేలూ తప్ప ఎవరూ మిగల్లేదు. నాంచారి మూడో పిల్లతో కిందికి దూకింది. అప్పుడే మొదటి శాలువా ఎవరికి కప్పాలో తేలక, అందరూ ఒక్కసారిగా కొమ్మ చివరికి తోసుకొచ్చారు.

ఫెళ్ళుమంది.

వేదికా, నాయకులూ, శాలువా అన్నీ కలిసి గూటికి అవతల ముళ్ళపొదలో పడ్డాయి. గూడు చెక్కుచెదరలేదు. నాయకులకు కూడా ముళ్ళు గుచ్చుకోవడం తప్ప ఏమీ కాలేదు.

తాబేలు వెంటనే పుస్తకం తెరిచాడు. "అనుమతి లేకుండా కొమ్మ విరిచిందెవరు?"

"నేనసలు వేదిక ఎక్కనే లేదండీ" అన్నాడు విశ్వంభరం, మెడలో దండ దాచుకుంటూ.

"మేమూ ఎక్కలేదు" అన్నారు మిగతావాళ్ళు. తొమ్మిది సంఘాలూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న మాట ఇన్నేళ్ళలో అదొక్కటే.

దొరగారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "రాసుకోవయ్యా తాబేలూ. సొంత చెట్టు మీది ఎండుకొమ్మ తీయడానికి ఇకమీదట అనుమతి అక్కర్లేదు. దానిమీద నాయకులు ఎక్కడానికి మాత్రం కావాలి."

నాంచారి ఆనందం పట్టలేక తోకతో ఆయన కాలు నిమిరింది. పిల్లల్ని ఒక్కొక్కరినే గూటికి చేర్చుకుంది. మర్నాడు తొలకరి గాలి వీస్తే చెట్టు ఊగింది, పిల్లలు హాయిగా నిద్రపోయారు. తొమ్మిది సంఘాలూ మాత్రం విడివిడిగా తొమ్మిది విజయోత్సవాలు జరుపుకున్నాయి.

కాబట్టి పని కావాలనుకునేవారు నాయకులందరినీ ఒకే వేదిక ఎక్కించాలి. వేదిక ఎంత పుచ్చితే పని అంత తొందరగా అవుతుంది.